వారం రోజులు నడక మానితే కాలేయం ఏం చేస్తుంది

మా తమ్ముడికి విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న బట్టల కొట్టు ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు తలుపులు తీస్తే రాత్రి తొమ్మిది దాటే వరకు అతడు గల్లాపెట్టె పక్కనున్న పరుపు మీద నుంచి లేవడు. చీరలు తీసి చూపించడానికి, మళ్ళీ మడతలు పెట్టడానికి పనివాళ్ళు ఉన్నారు. గత ఏడాది మార్చిలో కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉంటోందని వెళితే డాక్టరు కడుపు స్కానింగ్ రాశారు. ఆ కాగితం పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, వీధి అరుగు మీద కూలబడి, "సుక్క ముట్టనోణ్ణి కదప్పా, నా కార్జానికి కొవ్వేటి?" అని అడిగాడు. కాగితంలో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని రాసి ఉంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ అనే కాలేయపు ఎంజైము 62 వచ్చింది, ఉండవలసినదానికన్నా ఎక్కువ. మనిషి చూడడానికి లావుగా ఉండడు. చొక్కా కింది గుండీల దగ్గర మాత్రం కాస్త పొట్ట కనిపిస్తుంది.

నేను చాలా ఏళ్ళు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. తోడబుట్టినవాడు అడిగిన ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో ఉన్న రెండు పేరాలతో జవాబు చెప్పి పంపించడానికి మనసొప్పలేదు. ఆ తరువాత కొన్ని నెలల పాటు దొరికిన పరిశోధనా వ్యాసాలన్నీ ఓపికగా చదివాను. వ్యాయామం కాలేయంలోని ఎంజైములను ఏం చేస్తుందన్న విషయం నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది, ముఖ్యంగా అది ఎంత త్వరగా చేస్తుందో, ఎంత త్వరగా వదిలేస్తుందో తెలిసింది. మా తమ్ముడికి చెప్పినదే ఇక్కడ మరి కాస్త వివరంగా రాస్తున్నాను.

"కాలేయపు ఎంజైములు" అన్న మాటకు రెండు అర్థాలు ఉండడం మొదటి చిక్కు. రక్తపరీక్షలో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాలేయ కణాల లోపల ఉండి అమైనో ఆమ్లాల పని చూసుకోవలసినవి. కణం దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారతాయి. అలా కారినదాన్నే ల్యాబులో కొలుస్తారు. అవి పెరిగాయంటే కాలేయానికి ఏదో ఇబ్బంది ఉందని తెలుస్తుంది గాని, కొవ్వును తయారుచేసేవీ, కరిగించేవీ అవి కావు. ఆ పని చేసే ఎంజైములు వేరే ఉన్నాయి. ఏ ల్యాబు కాగితంలోనూ వాటి పేర్లు కనిపించవు.

కాలేజీలో ఉన్నప్పుడు ప్రతి ఏడూ ఒక ప్రయోగం చేసి చూపించేదాన్ని. బజారు నుంచి తెప్పించిన మేక కార్జంలో గోరంత ముక్క కోసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసిన పరీక్షనాళికలో వేస్తే తెల్లటి నురగ బుసబుసా పొంగి, నాళిక అంచు దాటి బల్ల మీదకు కారేది. నాళికను బయట నుంచి తాకి చూడమంటే వెచ్చగా ఉందని పిల్లలు ఆశ్చర్యపోయేవారు. అదే కార్జాన్ని ఉడికించి వేస్తే ఒక్క బుడగ కూడా లేచేది కాదు, ఎందుకంటే అందులోని కాటలేజ్ అనే ఎంజైము వేడికి చెడిపోతుంది. కొవ్వు సంగతి చూసే ఎంజైములు ఇలా కళ్ళముందు పొంగి కనిపించేవి కావు గాని, సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవంలో అవి రాత్రింబగళ్ళు పని చేస్తూనే ఉంటాయి.

మా తమ్ముడు మధ్యాహ్నం మూడు గంటలకు కొట్టు వెనక గదిలో కూర్చుని క్యారేజీ నిండా ఉన్న అన్నం తిని, మళ్ళీ పరుపు మీదకు చేరతాడనుకుందాం. ఆ అన్నం గ్లూకోజుగా మారి, పేగుల నుంచి నిర్వాహక సిర ద్వారా మొదట కాలేయానికే చేరుతుంది. అదే సమయంలో క్లోమం నుంచి ఇన్సులిన్ కూడా అదే దారిన వస్తుంది. కాలేయం తన గ్లైకోజెన్ నిల్వను (గ్లూకోజును దాచుకునే రూపం అది) నింపుకున్నాక, మిగిలిన గ్లూకోజులో కొంత భాగాన్ని ఎసిటైల్ కోఎంజైమ్-ఏ అనే రెండు కార్బన్ల ముక్కలుగా విడగొడుతుంది. ఇక్కడ ఎసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము రంగంలోకి దిగుతుంది. దాన్ని ఏసీసీ అని పిలుచుకుందాం. అది ఆ ముక్కలను మలోనైల్ కోఏగా మారుస్తుంది. ఆ తరువాత ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే మరో పెద్ద ఎంజైము ఒక ఎసిటైల్ ముక్కకు ఏడు మలోనైల్ ముక్కలను ఒకదాని వెనక ఒకటి గుచ్చి, పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. తిన్నది అన్నమే అయినా, కాలేయంలో చేరింది కొవ్వు. మద్యం ముట్టనివాడి కాలేయంలోకి కొవ్వు వచ్చే దారుల్లో ఇది ఒకటి.

ఇది ఒక్కటే దారి అనడం సరికాదు. కాలేయంలో కొవ్వు చేరిన రోగుల మీద 2005లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, ఆ కొవ్వులో సుమారు 59 శాతం ఒంట్లోని కొవ్వు కణజాలం నుంచి రక్తం ద్వారా వచ్చి చేరినదనీ, 26 శాతం కాలేయం స్వయంగా తయారుచేసుకున్నదనీ, 15 శాతం మాత్రమే తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చినదనీ తేలింది. నూనె మానేస్తే చాలుననుకునేవారు ఈ చివరి అంకెను ఒకసారి చూడాలి. ఆరోగ్యవంతులలో కాలేయం సొంతంగా తయారుచేసే వాటా చాలా తక్కువగా ఉంటుంది. రోగులలో అది అంతగా పెరగడం వెనక ఏసీసీ, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అతిగా పని చేయడం ఉంది. ఈ రెండింటినీ ఎంత మోతాదులో తయారుచేయాలో కణ కేంద్రకంలో నిర్ణయించే ప్రొటీన్లు కూడా ఉన్నాయి: ఇన్సులిన్ పెరిగినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ-1సి, గ్లూకోజు పెరిగినప్పుడు సీహెచ్‌ఆర్‌ఈబీపీ ఆ ఉత్తర్వులు జారీ చేస్తాయి. రోజుకు ఆరేడు సార్లు పంచదార టీ తాగుతూ కదలకుండా కూర్చునే మనిషిలో ఈ ఉత్తర్వులకు విరామం దొరకదు.

మలోనైల్ కోఏ గురించి ఇంకొంచెం చెప్పాలి. అది కొవ్వుకు ముడిసరుకు మాత్రమే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. కొవ్వును కాల్చి శక్తిగా మార్చే పని మైటోకాండ్రియాలో జరుగుతుంది. పొడవైన కొవ్వు ఆమ్లాలు వాటి లోపలికి వెళ్ళాలంటే సీపీటీ-1 అనే ఎంజైము గుమ్మం దాటించాలి. మలోనైల్ కోఏ ఆ గుమ్మానికి గడియ పెడుతుందని డాలస్ నగరంలో డెనిస్ మెక్‌గారీ, డేనియల్ ఫాస్టర్ బృందం 1977లో కనిపెట్టింది. అంటే కాలేయం కొవ్వును తయారుచేస్తున్నంత సేపూ పాత కొవ్వును కాల్చదు. గాదెలో ధాన్యం పోస్తూ పోస్తూ అదే గాదెకు అడుగున కన్నం తీయరు కదా! ఈ అమరికలో ఎంతో పొందిక ఉంది. పాఠం చెప్పే రోజుల్లో ఇది తెలిసి ఉంటే క్లాసులో ఒక గంటంతా దీనికే ఇచ్చి ఉండేదాన్ని.

మనిషి నడక మొదలుపెట్టగానే రక్తంలో ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ పెరుగుతుంది. ఈ రెండు హార్మోన్లూ క్లోమం నుంచి నేరుగా కాలేయానికే వెళతాయి గనుక, మార్పు ముందుగా తెలిసేది కాలేయానికే. కండరాలు గ్లూకోజు అడుగుతుంటే అది తన గ్లైకోజెన్‌ను విడగొట్టాలి, కండరాలు వదిలే లాక్టేటు నుంచి కొత్త గ్లూకోజు తయారుచేయాలి. దీనికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ తగ్గి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైము మేలుకుంటుంది. అది ఏసీసీ మీద ఒకే ఒక్క ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడిందంటే ఏసీసీ చల్లబడుతుంది, మలోనైల్ కోఏ తగ్గుతుంది, సీపీటీ-1 గడియ తీసుకుంటుంది, కొవ్వు ఆమ్లాలు లోపలికి వెళ్ళి కాలడం మొదలవుతుంది. ఆ ఒక్క ముద్రకు ఉన్న విలువ ఎంతో 2013లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో కనిపిస్తుంది. ఏసీసీ మీద ఆ ముద్ర పడే చోటును మార్చేసి ఎలుకలను పుట్టించారు. మామూలు తిండి పెట్టినా వాటి కాలేయంలో కొవ్వు పేరుకుంది, ఇన్సులిన్ పని చేయడం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా వాటిలో మామూలు ఎలుకల్లో మాదిరిగా ఇన్సులిన్ పనితీరును మెరుగుపరచలేకపోయింది.

మనుషుల విషయానికి వస్తే, వ్యాయామానికి ముందూ తరువాతా ఆరోగ్యవంతుల కాలేయం నుంచి ముక్క తీసి పరీక్షించడం సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల ఎంజైముల గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల నుంచే వచ్చింది; మనుషుల్లో ఎంఆర్ఐ పద్ధతులతో, గుర్తు వేసిన అణువులతో పరోక్షంగా లెక్క కట్టినవే ఎక్కువ. అలాంటి వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2011లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనం. సన్నగానే ఉన్నా ఇన్సులిన్ సరిగ్గా పని చేయని యువకుల చేత ఒకే ఒక్కసారి, నలభై అయిదు నిమిషాలు వ్యాయామం చేయించి, తరువాత పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టారు. కదలకుండా ఉన్న రోజుతో పోలిస్తే కాలేయంలో కొత్త కొవ్వు తయారీ సుమారు 30 శాతం తగ్గింది. వ్యాయామం చేసిన కండరాలు గ్లూకోజును తమలోకి లాక్కుని గ్లైకోజెన్‌గా దాచుకున్నాయి. కాలేయానికి చేరే మిగులు తగ్గింది. ఇది చదివిన రోజే మా తమ్ముడికి ఫోన్ చేసి, నువ్వు తినే అన్నం కాళ్ళలోకి వెళ్ళాలా, కార్జంలోకి వెళ్ళాలా అన్నది ఆ రోజు నువ్వు ఎంత నడిచావన్న దాని మీద ఆధారపడి ఉందిరా అని చెప్పాను.

"నేను లావు కాను కదా" అన్న అతడి మాటకు కూడా అదే విశ్వవిద్యాలయం 2006లో ప్రచురించిన మరో అధ్యయనం జవాబు చెబుతుంది. సన్నగా, ఆరోగ్యంగా కనిపించే భారతీయ సంతతి యువకుల కాలేయాల్లో, అదే వయసూ అదే ఒళ్ళూ ఉన్న తెల్లజాతి యువకుల కన్నా సుమారు రెండింతల కొవ్వు కనిపించింది. తూకం చూసి ధైర్యం తెచ్చుకునే సౌకర్యం మనవారికి అంతగా లేదన్నమాట.

ఏప్రిల్ మొదటి వారంలో మా తమ్ముడు నడక మొదలుపెట్టాడు. తెల్లవారుజామున అయిదున్నరకు అయోధ్యా మైదానానికి వెళ్ళి నలభై నిమిషాలు, మాట్లాడగలిగేంత ఊపిరి ఉండి పాట పాడలేనంత వేగంతో తిరిగేవాడు. టీలో పంచదార మానేశాడు. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఎండల్లో పొద్దున్నే చోడి అంబలి తాగాడు. సెప్టెంబరు నాటికి ఎస్‌జీపీటీ 38కి దిగింది. బరువు మాత్రం కిలోన్నరే తగ్గిందని నొచ్చుకున్నాడు. అది నొచ్చుకోవలసిన విషయం కాదని 2009లో సిడ్నీలో చేసిన అధ్యయనాన్ని చూపించి చెప్పాను. అందులో ఊబకాయం ఉన్నవారి చేత నాలుగు వారాల పాటు సైకిలు తొక్కించారు; సగటు బరువు మారలేదు గాని, కాలేయంలోని కొవ్వు 21 శాతం తగ్గింది. నడవలేనివారి సంగతేమిటంటే, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 2011లో ఎనిమిది వారాల పాటు బరువులతో వ్యాయామం చేయించినప్పుడు కూడా, శరీరపు బరువు మారకుండానే, కాలేయపు కొవ్వు 13 శాతం తగ్గింది. బరువులెత్తడం మన వైపు కొత్త విద్య కాదు. కోడి రామమూర్తి నాయుడు పుట్టింది వీరఘట్టంలో, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట.

బరువుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక చెప్పాలి. అలవాటు లేని మనిషి ఒక్కసారిగా బరువులెత్తి, రెండు రోజుల తరువాత రక్తపరీక్ష చేయించుకుంటే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ పెరిగి కనిపించవచ్చు. స్వీడన్‌లో పదిహేను మంది ఆరోగ్యవంతుల చేత ఒక గంట బరువులెత్తించి చూస్తే, కనీసం ఏడు రోజుల వరకు ఆ రెండూ ఎక్కువగానే ఉన్నాయని 2008లో ప్రచురించారు. ఎందుకంటే ఆ ఎంజైములు కండరాలలో కూడా ఉంటాయి. కాలేయ పరీక్షల్లోనే చూసే జీజీటీ అనే మరో ఎంజైము మాత్రం మామూలుగానే ఉంది. మా మేనల్లుడు ఒకడు జిమ్‌లో చేరిన మూడో రోజునే పరీక్ష చేయించుకుని, కాగితం చూసి భయపడి నెల రోజులు మంచం దిగలేదు. పరీక్షకు ముందు వారం రోజులు కొత్త బరువులు ఎత్తకుండా ఉంటే, ఎత్తితే ఆ సంగతి డాక్టరుకు చెబితే, ఈ గాభరా ఉండదు.

ఆశ్వయుజం రాగానే అసలు చిక్కు వచ్చింది. దసరా బేరాల్లో కొట్టు రాత్రి పదకొండు వరకు తెరిచి ఉండేది. పాడ్యమి నాటి నుంచి నడక ఆగిపోయింది. పులిహోరలు, బూరెలు, వచ్చినవాళ్ళతో టీలు మళ్ళీ మొదలయ్యాయి. ఆరో రోజున చీర తీసుకోవడానికి నేను కొట్టుకు వెళితే, "ఆర్నెల్లు నడిసినాను కదప్పా, పది రోజులు మానేస్తే ఏటవుతాది?" అన్నాడు. అతడి మనసులో నడక అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బు లాంటిది. ఎంజైముల విషయంలో ఆ పోలిక సరిపడదని చెప్పడానికే నేను ఇదంతా రాస్తున్నాను.

అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. కడుపు నిండిందన్న సంకేతాన్ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లేని ఒక రకం ఎలుకలు ఉన్నాయి. అవి అతిగా తిని, లావెక్కి, కాలేయంలో కొవ్వు చేర్చుకుంటాయి. అలాంటి పిల్ల ఎలుకలకు నాలుగు వారాల వయసు నుంచి పదహారు వారాల పాటు తిరిగే చక్రాలు ఇచ్చారు. ఎవరూ బలవంతం చేయకపోయినా అవి రోజూ వాటిలో పరుగెత్తాయి. వాటి కాలేయంలో కొవ్వు పేరుకోలేదు. అప్పుడు చక్రాలకు తాళం వేసి, కొన్నిటిని అయిదు గంటల తరువాత, కొన్నిటిని యాభై మూడు గంటల తరువాత, మిగిలినవాటిని నూట డెబ్బై మూడు గంటల తరువాత పరీక్షించారు. నూట డెబ్బై మూడు గంటలంటే ఏడు రోజుల మీద అయిదు గంటలు. పదహారు వారాల పరుగు తరువాత ఆ ఒక్క వారంలోనే కాలేయంలో ఏసీసీ, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ మోతాదు పెరిగింది, మలోనైల్ కోఏ పెరిగింది, కొవ్వును కాల్చే శక్తి తగ్గింది. కొవ్వు తయారుచేసే యంత్రాంగమంతా మళ్ళీ సిద్ధమైపోయింది.

ఇందులో వింత ఏమీ లేదు. ఫాస్ఫేట్ ముద్ర నిమిషాల్లో పడుతుంది, గంటల్లో చెరిగిపోతుంది. ఎంజైము ప్రొటీన్లేమో ఎప్పటికప్పుడు కరిగిపోతూ, కొత్తవి తయారవుతూ ఉంటాయి. ఎన్ని తయారవాలన్నది ఆ రోజుల్లో వచ్చిన ఇన్సులిన్, గ్లూకోజు, గ్లూకగాన్ సంకేతాలను బట్టి ఉంటుంది. కాలేయానికి మొన్నటి సంగతి, నిన్నటి సంగతి తెలుసు. ఏప్రిల్ నెల సంగతి తెలియదు. నెలల తరబడి చేసిన వ్యాయామం వల్ల గుండెకూ కండరాలకూ కలిగే మేలు ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, ఈ ఎంజైముల లెక్క మాత్రం రోజువారీ లెక్క. ఎలుకకు ఏడు రోజులంటే మనిషికి సరిగ్గా ఏడు రోజులే అని నేను అనను, వాటి జీవక్రియ మనకన్నా వేగమైనది. అయినా, ఆదివారం పూట రెండు గంటలు ఆయాసపడి నడిచి మిగిలిన ఆరు రోజులు పరుపు మీద కూర్చునే పద్ధతి కన్నా, రోజూ ఇరవై ముప్ఫై నిమిషాల చొప్పున, రెండు రోజులు వరసగా మానకుండా నడిచే పద్ధతి కాలేయానికి మేలని నేను నమ్ముతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్కను అయిదారు రోజులకు పంచుకుంటే అంతే అవుతుంది.

ఆ కొట్టులోనే నిలబడి అతడికి ఈ ఎలుకల సంగతి చెప్పాను. ఆరు రోజులంటే నూట నలభై నాలుగు గంటలు కదా అని అతడే వేళ్ళ మీద లెక్క కట్టాడు. తెల్లవారుజామున లేవడం ఆ పది రోజులూ కుదరదన్నాడు, అది నిజమే. అందుకని మధ్యాహ్నం అన్నం తినగానే పరుపు మీదకు పోకుండా, గంటస్తంభం నుంచి కోట వరకు వెళ్ళి రావడం, కనీసం పది చీరల బేరాలకు తానే లేచి అరల్లోంచి తీసి చూపించడం అని ఇద్దరం అనుకున్నాం. అన్నం తిన్న వెంటనే నడిస్తే గ్లూకోజు ఎక్కువగా కండరాలకే పోతుంది గనుక, తెల్లవారుజాము నడక కన్నా ఇది ఏ మాత్రం తక్కువది కాదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లూకోజును బాగా దించే మాత్రలు గాని వాడేవారు, నడిచినప్పుడు గుండెలో పట్టేసినట్టు ఉండేవారు మాత్రం ముందు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

దసరా తరువాత వచ్చిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు జనం మధ్య కొట్టు తెరవడం కుదరదు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడు సార్లు తిరిగితే, మా తమ్ముడు మూడు సార్లూ వెనకాలే నడిచాడు. చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చి, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళు గోలెం దగ్గర కడుక్కుంటూ, "ఆ నూట డెబ్బై మూడు గంటలూ ఈయేళ నుంచి మళ్ళీ లెక్కెట్టుకోప్పా" అన్నాడు.